కొండ నెత్తిన పదకొండు ఫ్లెక్సీలు

ఆ కొండ పేరు నేను రాయను. రాశాననుకోండి, మీరు వెంటనే ఫోను తీసి వెతుకుతారు. నీలాకాశం కింద తెల్లగా, కోసుగా నిలబడ్డ ఫొటో ఒకటి చూసి "అబ్బ, ఎంత బాగుందో!" అంటారు. బాగుంటుంది, కాదనను. హిమాచల్‌లో మనాలి దాటి, కనుమ దాటి, రోడ్డు అయిపోయాక ఇంకా మూడు రోజులు నడిస్తే దాని పాదం కనిపిస్తుంది. ఎత్తు ఆరువేల మీటర్ల పైచిలుకు. మా కోటప్పకొండలు ఎన్ని ఒకదాని మీద ఒకటి పేరిస్తే అంత అవుతుందో లెక్క వేసే ఓపిక నాకు లేదు. దాని నెత్తి మీద నేను నిలబడి వచ్చాను. నరసరావుపేటలో కూరగాయల బండి దగ్గర కూడా నన్ను ఇప్పటికీ "కొండెక్కిన మేడమ్" అంటారు. అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్ల మీద కాదు, నా మీదే.

నేను పేటలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీని. పొద్దున్నే విజిలు ఊది పిల్లల చేత చేతులు పైకీ పక్కకీ తిప్పించడం, ఏడాదికోసారి స్పోర్ట్స్ డే పెట్టడం, మిగతా రోజుల్లో లెక్కల సారు నా పీరియడ్ లాక్కుంటే స్టాఫ్ రూములో ఆయనతో పోట్లాడటం, ఇదీ నా ఉద్యోగం. మాది నూజెండ్ల దగ్గర పల్లె. డిగ్రీ చదివేటప్పుడు వినుకొండలో హాస్టల్లో ఉండి, రోజూ పొద్దున కొండ మీది గుడి దాకా పరుగున వెళ్లి పరుగున దిగేదాన్ని. సెలవలకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ పట్టుకునేది.

"ఏమే, రోజూ ఆ కొండెక్కి ఏం చేస్తన్నావే? నువ్వు కనపడందే దేవుడికి పొద్దు గడవట్లేదా ఏంది?"

మా అమ్మ నోరు అలాంటిది. నాకు వచ్చిందీ ఆ నోరే. ఇంత నోరు పెట్టుకుని, తెరవాల్సిన ఒక్క చోట తెరవలేదు. రాస్తున్నది ఆ సంగతే. మంచిదాన్ని అనిపించుకోవడానికి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు.

గుంటూరు వైపు అడ్వెంచర్ క్లబ్బు ఒకటి నడిపే ఆయన నా పరుగు సంగతి విని కబురు పెట్టాడు. మేమంతా ఆయన్ని లీడరు అనేవాళ్లం. మాట మహా తియ్యన. నన్ను "చెల్లెమ్మా" తప్ప ఇంకో మాటతో పిలిచేవాడు కాదు. మనాలి దగ్గర నెలరోజుల శిక్షణ ఇప్పించాడు, ఆ మరుసటి ఏడు ఈ కొండకు బయలుదేరదీశాడు. లీడరుతో కలిపి ఐదుగురం. ఆడమనిషిని నేనొక్కదాన్నే. శిక్షణకు వెళ్లేదాకా మంచును ఫ్రిజ్జులో తప్ప చూసినవాళ్లం కాదు మేమెవ్వరం.

సొంత ఖర్చుతో కొండలెక్కే వంశాలు కావు మావి. స్పాన్సర్లు కావాలి. మా వైపు ఎవరైనా పది రూపాయలు ఇచ్చారంటే వాళ్ల మొహం ఒక ఫ్లెక్సీ మీద పడాల్సిందే. పిల్లకు ఓణీలిచ్చినా ఫ్లెక్సీ, బోరు పడినా ఫ్లెక్సీ, మనిషి పోయినా ఫ్లెక్సీ. పురుగుమందుల కొట్టాయన, మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆయన, బంగారం కొట్టాయన, మా స్కూలు కరస్పాండెంటు, ఒక నాయకుడు, ఆయనంటే గిట్టని ఇంకో నాయకుడు, అలా మొత్తం పదకొండు మంది తేలారు. అందరిదీ ఒకటే షరతు. శిఖరం మీద తమ ఫ్లెక్సీ విప్పి పట్టుకుని ఫొటో దిగాలి.

గుడ్డ మీద అచ్చు వేయిస్తే మడిచి జేబులో పెట్టుకోవచ్చు. ఆ బుద్ధి మాలో ఒక్కరికీ పుట్టలేదు. పేటలో ఫ్లెక్సీలు వేసే ఆయన "మన ఊరి ఆడపిల్ల కొండెక్కుతుంటే నేను ఈ మాత్రం చెయ్యలేనా అమ్మాయ్!" అని, ఎండకు వెలవని మందపాటి రకం మీద వేసి, నాలుగు మూలలా రింగులు కొట్టి, ఒక్కోదాన్నీ గట్టిగా చుట్టచుట్టి, పురికొసతో బిగించి ముడులేసి ఇచ్చాడు. 'శిఖరాన్ని జయించిన శుభసందర్భంగా' అని వాటి మీద అప్పటికే పడి ఉంది. మేమింకా రైలు కూడా ఎక్కలేదు.

కొండ పాదం దగ్గర మాకు గైడుగా వచ్చిన మనిషి పేరు కూడా రాయను. ఆయన్ని అడగలేదు కాబట్టి రాయను. నలభైకి దగ్గరగా ఉంటాడు. నాకంటే పదేళ్లు పెద్ద, అయినా నన్ను దీదీ అనేవాడు, నేను భయ్యా అనేదాన్ని. నా హిందీ పదో తరగతిలో పాసు మార్కుల హిందీ. అయినా ఆయన నాతో నెమ్మదిగా, ఒక్కో మాటా విడగొట్టి చెప్పేవాడు. మంచు పడుతుంటే రెండు రోజులు మేము గుడారాలు దాటి కదల్లేకపోయినప్పుడు, వంట గుడారంలో పొయ్యి పక్కన కూర్చుని, ఈ కొండ మీదికి ముందుగా ఎక్కింది ఎవరని ఆయన్ని అడిగాను.

"మా తాత నరికిన మెట్ల మీద ఒక తెల్లదొర ఎక్కాడు దీదీ," అన్నాడు.

చెప్పిందంతా ఇదీ. తాతల కాలంలో దొర ఒకాయన వచ్చి, లోయలో వీళ్ల ఊరి నుంచి మూటలు మొయ్యడానికి ఓ పదిహేను మందిని వెంటపెట్టుకుని వెళ్లాడు. చివరి గుడారం దాకా మిగిలింది దొర, ఈయన తాత, ఆ తాత బావమరిది. మంచులో గొడ్డలితో మెట్టు మెట్టూ నరికింది తాత. శిఖరం ఇంకో తాడు పొడవు దూరం ఉందనగా దొర వెనక్కి తిరిగి, చెయ్యి చూపించి, ఇక్కడే కూర్చోమన్నాడు. మొదటి అడుగు తనది కావాలి. వీళ్లిద్దరూ కూర్చున్నారు. దొర వెళ్లి, నిలబడి, తిరిగొచ్చాడు. ఆయన రాసుకున్న పుస్తకంలో 'ఇద్దరు కూలీల సాయంతో' అని ఉందట. ఆ ముక్క చదివి వినిపించింది ఇంకెవరో ప్రయాణికుడు, తాత పోయిన చాలా ఏళ్లకు.

నాకు మండిపోయింది. "ఆ దొర మొహం మండా! మీ తాత లేచి వెళ్లి ఉండాల్సింది భయ్యా!" అన్నాను.

"వెళితే మళ్లీ ఏడు పనిలో పెట్టుకునేవాడు కాదు దీదీ," అని నవ్వాడు.

తరవాత మిలిటరీ వాళ్లు ఎక్కారట. ఒక ఏడు ఇద్దరు మంచు కింద పడిపోయి దొరకనే లేదట. ఆపైన బెంగాలీలు, ఏటా పూజ సెలవలకు వచ్చి, చేపల్లేవని గొణుక్కుంటూ, సాయంత్రం కాగానే నోటుపుస్తకాలు తీసి రాసుకుంటూ, ఒక పద్ధతిగా ఎక్కి దిగేవారట. "ఇప్పుడు మీవాళ్లు వస్తున్నారు. మీ మూటలు మాత్రం బరువు దీదీ, ఏముంటాయి వాటిలో?" అని అడిగాడు. ఫ్లెక్సీలని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. గుడారం మీద కప్పే పట్టా అనుకున్నాడు. వెనకటి దొర మీద అంత కోపం వచ్చిన నాకు, ఆ మాటకు నవ్వే వచ్చింది తప్ప సిగ్గు రాలేదు.

చివరి గుడారం నుంచి శిఖరానికి బయలుదేరే ముందు ఎవరి సంచి వాళ్లు సర్దుకున్నాం. భయ్యా ఒకటికి నాలుగుసార్లు చెప్పాడు, ఏం తగ్గించుకున్నా సరే, అదనంగా ఒక జత గ్లవుజులు మాత్రం ఉంచుకోండని. లీడరు ఫ్లెక్సీలు పంచాడు. నాకు రెండు వచ్చాయి, మా కరస్పాండెంటుదీ, నా కోసం ముందుకొచ్చిన కోల్డ్ స్టోరేజీ ఆయనదీ. సంచిలో పట్టలేదు. అదనపు గ్లవుజులు తీసి పడుకునే సంచి కింద పెట్టి, ఆ ఖాళీలో ఫ్లెక్సీలు దూర్చాను. మిగతావాళ్లూ అదే పని చేశారు.

చలి గురించి మాకేం తెలుసు? డిసెంబరులో నాలుగు రోజులు మఫ్లరు చుట్టుకుంటే అదే మాకు చలికాలం. ఎండంటే భయం ఉంది. మిరప చేలో వడదెబ్బ తగిలి మనిషి పడిపోవడం కళ్లారా చూసినదాన్ని. చలికి వేళ్లు పోతాయని శిక్షణలో చెప్పారు, బొమ్మలు చూపించారు, నోట్సు రాసుకున్నాను. నమ్మలేదు, అంతే.

పది గంటలకల్లా పైకి చేరాం. నిలబడగానే ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, అది మాత్రం ఎవరో రాయమంటే రాస్తున్నది కాదు. భయ్యా మోకాళ్ల మీద కూర్చుని నుదురు మంచుకు ఆనించి లేచాడు. ఆ రెండు నిమిషాలే మేము కొండ మీద ఉన్నది. తరవాత లీడరు జేబులోంచి కాగితం తీశాడు. ఏ ఫ్లెక్సీ తరవాత ఏది విప్పాలో దాని మీద రాసుకొచ్చాడు. ఇద్దరు నాయకులవీ పక్కపక్కన రాకూడదు కదా మరి!

చలికి ఫ్లెక్సీలు అప్పడాల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. పురికొస ముడుల్లో మంచు చేరి రాయి అయింది. లావు గ్లవుజులతో ఆ ముడులు రావు. మేమందరం చేతులు చంకల్లో పెట్టుకుని గంతులు వేస్తుంటే, భయ్యా గ్లవుజులు తీసేసి, ఉత్త చేతులతో ఒక్కో ముడీ విప్పాడు. విప్పి ఊరుకుంటే సరిపోయేది కాదు. గాలి కొట్టే వైపు పై మూల గట్టిగా పట్టుకునే మనిషి కావాలి. అదీ ఆయనే పట్టుకున్నాడు. ఒకటి, రెండు, ఐదు, తొమ్మిది. మధ్యలో వేళ్లు నోట్లో పెట్టుకుని ఊదుకోవడం చూశాను. చూసి, మళ్లీ కెమెరా వైపు తిరిగి నవ్వాను.

పదకొండోది నాది, కోల్డ్ స్టోరేజీ ఆయనది. అయిపోయిందనుకున్నాం. భయ్యా ఎడమ చేతికి గ్లవుజు తొడుక్కున్నాడు, కుడి గ్లవుజు చంకలో పెట్టుకున్నాడు. అంతలో లీడరు కెమెరాలో చూసి, "చెల్లెమ్మా, మీ కోల్డ్ స్టోరేజీ ఆయన మొహం మడతలో పడిందమ్మా," అన్నాడు.

"చాలు దీదీ, దిగుదాం," అన్నాడు భయ్యా. పడమటి వైపు మబ్బు చూపించాడు.

"భయ్యా, ఒక్కటి. ఒక్కటే ఒక్కటి," అన్నాను నేను. లీడరు కాదు, ఇంకెవరూ కాదు, నేను.

ఆయన వచ్చి మూల పట్టుకున్నాడు. "పైకి భయ్యా, ఇంకా పైకి," అని అరిచాను, మొహం పూర్తిగా కనపడాలని. ఆయన చెయ్యి పైకెత్తాడు. చంకలోని గ్లవుజు జారి మంచు మీద పడింది. గాలి దాన్ని దొర్లించుకుంటూ అంచు దాకా తీసుకుపోయి అవతలికి నెట్టేసింది. అది పోతుంటే అందరం చూశాం. లీడరు బటన్ నొక్కాడు. ఫొటో చాలా బాగా వచ్చింది.

తన అదనపు జత, దారిలో గ్లవుజు జారవిడిచిన మావాడొకడికి పొద్దున్నే ఇచ్చేశాడు. ఇంకో జత ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాడు. ఐదు సంచుల్లో పదకొండు ఫ్లెక్సీలు ఉన్నాయి, ఒక్క గ్లవుజు లేదు. ఎవరో ఊలు సాక్సు ఇస్తే కుడిచేతికి తొడుక్కున్నాడు. దిగేటప్పుడు గాలి లేచింది. నిటారు మంచు గోడ దగ్గర మా ఐదుగురినీ, ఒకరి తరవాత ఒకరిని, ఆ సాక్సు చేత్తోనే తాడు పట్టి కిందికి దించాడు. చివరికి గుడారంలో సాక్సు తీస్తే నాలుగు వేళ్లూ కొవ్వొత్తుల్లా తెల్లగా ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లు అడిగాడు. నేనే కాచి ఇచ్చాను. మర్నాటికి వేళ్లు నల్లబడ్డాయి.

ఆయన్ని ఆస్పత్రిలో దింపి మేము రైలెక్కాం. సరిగ్గా నెలకు ఫోను చేశాడు. "నాలుగూ తీసేశారు దీదీ. బొటనవేలు ఉంది," అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు. మిగతాదీ అలాగే చెప్పాడు. ఇక తాడు పట్టలేడు కాబట్టి గైడు పని లేదు. అయితే అక్కడి శిక్షణ కేంద్రంలో సామాను గది చూసుకునే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది, పనిలో దెబ్బ తగిలిన గైడుకే దాన్ని ఇస్తారు. దెబ్బ ఎలా తగిలిందో ఆ ప్రయాణంలో ఉన్నవాళ్లు రాసివ్వాలి. ఆ ఒక్క కాగితం మీదే ఉంది అంతా.

"నేను రాస్తాను భయ్యా. నేనే రాస్తాను," అన్నాను. ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాను.

మా సన్మానం ఆ తరవాతి వారం పెట్టారు, నాయకుడి డేటు అప్పటికి గానీ దొరకలేదు. టాపు లేని జీపు, ముందు బాజాలు, మెడలో గజమాల. కల్యాణ మండపం ముందు పాతికడుగుల ఫ్లెక్సీ. జీపు దిగి దాని వైపు చూశాను. కోల్డ్ స్టోరేజీ ఆయన మొహం మడత లేకుండా మెరుస్తున్న ఫొటో అది. అందులో మేము నలుగురం ఉన్నాం. భయ్యా లేడు. ఫ్లెక్సీలు వేసే ఆయన అక్కడే నిచ్చెన పట్టుకుని నిలబడి ఉంటే అడిగాను.

"ఆ పక్కన ఎవురో గూర్ఖా ఉండాడు గదమ్మాయ్, తీసేశా. ఈ మూల గాల్లో ఏలాడినట్టుంటదని వేళ్లు మట్టుకు ఉంచా. చూడు, ఎంత నీటుగా వచ్చిందో!" అన్నాడు.

చూశాను. కోల్డ్ స్టోరేజీ ఆయన చెవి పక్కన, ఫ్లెక్సీ అంచు పట్టుకుని, గ్లవుజు లేని నాలుగు వేళ్లు. వాటి వెనక మనిషి లేడు. అప్పటికి ఆ వేళ్లూ లేవు.

వేదిక వెనక గదిలో లీడరు ఒక కాగితం తెచ్చాడు. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. కింద ఐదు పేర్లు, నాలుగు సంతకాలు. పదే పదే హెచ్చరించినా వినకుండా, సొంత ఫొటోల కోసం గైడు గ్లవుజులు తీశాడనీ, ఇది పూర్తిగా అతని నిర్లక్ష్యమనీ ఉంది. శిక్షణ కేంద్రం వాళ్లు అడిగారట, అందుకు జవాబు.

"ఇది అబద్ధమన్నా," అన్నాను.

"ఎవరు కాదన్నారు చెల్లెమ్మా? ఫ్లెక్సీల సంగతి రాస్తే ఈ పదకొండు మంది పేర్లూ బయటికొస్తయ్. వచ్చే ఏడు మనకు పర్మిషనే ఇవ్వరు. పెద్ద కొండకు నీ పేరు రాసి పెట్టా, తెలుసా? అందరికన్నా పెద్ద కొండ! నువ్వొక్క గీత గీకావంటే పనైపోద్ది. అతనికి మనం వేరేగా ఏదన్నా సాయం చేద్దాంలే."

"అతనికి ఉద్యోగం పోద్దన్నా."

"ఇంకోటి దొరకదా ఏంది? బయట నీ పేరు పిలుస్తున్నారు, చూడు."

నిజమే, మైకులో నా పేరు పిలుస్తున్నారు. చప్పట్లు వినిపిస్తున్నాయి. లీడరు ఇచ్చిన పెన్ను పడలేదు. రెండుసార్లు విదిలించాడు, అయినా పడలేదు. నా హ్యాండ్‌బ్యాగు తెరిచి, నా పెన్ను తీసి, నేనే సంతకం పెట్టాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని పెట్టించలేదు. వేదిక ఎక్కి ఐదు శాలువాలు కప్పించుకున్నాను. పట్టుదల ఉంటే ఆడపిల్ల ఏదైనా సాధిస్తుందని మాట్లాడాను. పిల్లలు ఈలలు వేశారు.

ఆ పెద్ద కొండకు మరుసటి ఏడు నా బదులు ఒక స్పాన్సరు మేనల్లుడు వెళ్లాడు. కొండ పాదం దగ్గరే వాంతులు చేసుకుని తిరిగొచ్చాడు. నాకు తగిన శాస్తే జరిగిందని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను, కానీ దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

భయ్యా రెండు నెలలకు ఫోను చేశాడు. "చిట్ఠీ పంపారా దీదీ?" అని అడిగాడు. పంపానన్నాను. "అయితే పోస్టులో పోయి ఉంటుంది," అన్నాడు. "పోయి ఉంటుంది భయ్యా," అన్నాను. ఆ సందు ఆయనే చూపించాడు, నేను దూరిపోయాను. ఆయన మళ్లీ ఎప్పుడూ చిట్ఠీ ఊసు ఎత్తలేదు. ఉద్యోగం వేరేవాళ్లకు ఇచ్చారని ఒకసారి చెప్పాడు, మంచు ఎక్కువ పడిందని ఒకసారి, ఆపిల్ తోటలో కాపలా పని చేస్తున్నానని ఇంకోసారి. ఏడాదికి రెండు మూడు సార్లు చేసేవాడు. తెర మీద ఆయన పేరు కనపడితే మోగనిచ్చి చూస్తూ కూర్చునేదాన్ని. ఒక్కోసారి ఎత్తేదాన్ని కాదు. ఎత్తినా పిల్లల సంగతులు అడిగి, పెరుగన్నం తిన్నంత తేలిగ్గా మాట్లాడి పెట్టేసేదాన్ని. ఆరేళ్లు ఇలా గడిచాయి.

మొన్న డిసెంబరులో పేటకే వచ్చాడు.

చలికాలం రాగానే ఆ కొండ ప్రాంతాల వాళ్లు మా ఊళ్లలోకి దిగి రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్ముతారు. వాళ్లందరినీ మేము నేపాలోళ్లు అనేస్తాం, ఎక్కడివాళ్లో అడిగిన పాపాన పోం. భయ్యా తోడల్లుడు ఈసారి పేటలో స్వెట్టర్ల పట్టా పరిచాడట. తోటల్లో పని లేని రోజులు కాబట్టి ఈయన తోడు వచ్చాడు. స్కూలు పేరు చెప్పి, అడుగుతూ అడుగుతూ ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. చేతిలో నా కోసం ఒక ఊలు టోపీ. అమ్మ కళ్లకు ఆపరేషన్ చేయించుకుని అప్పుడు నా దగ్గరే ఉంది. మంచం వాల్చి కూర్చోబెట్టింది, టీ పెట్టింది.

గ్లాసు అందుకోవడానికి ఆయన రెండు చేతులూ చాచాడు. కుడి అరచేతిని గ్లాసుకు ఆనించి, ఎడమ చేత్తో పట్టుకున్నాడు. అమ్మ చూసింది.

"అయ్యో నాయనా, ఏందయ్యా ఆ చెయ్యి? మిషన్‌లో పడిందా?" అంది. ఆయనకు తెలుగు రాదు. నా వైపు తిరిగింది. "ఏమైందంట చెయ్యికి? అడగవే."

"చలికి పోయినయమ్మా," అన్నాను.

"చలికి వేళ్లు పోతయ్యా ఎక్కడన్నా? ఎవుడు చెప్పాడు నీకు? మిషనే అయ్యుంటది. పాపం, చానా మంచోడిలాగున్నాడు."

ఆయన మా ఇద్దరి మొహాలూ చూస్తూ కూర్చున్నాడు. అలమరలో నా షీల్డులు ఉన్నాయి, వాటినీ చూశాడు. ఎంత బతుకు బతికినా ఇంత మొహం పెట్టుకుని ఈ మనిషి ముందు ఇంకో అబద్ధం ఆడలేననిపించింది. హిందీలో, ముక్కలు ముక్కలుగా, చెప్పేశాను. చిట్ఠీ పోస్టులో పోలేదు భయ్యా, నేను రాయనే లేదు. వాళ్లు రాసిన దాని మీద సంతకం పెట్టాను. మీ తప్పేనని పెట్టాను.

ఆయన టీ ఒక గుక్క తాగాడు.

"తెలుసు దీదీ," అన్నాడు. "మిమ్మల్ని చిట్ఠీ సంగతి అడిగేముందే ఆ కాగితం నాకు చూపించారు. అన్నిటికన్నా కింద మీ పేరు ఉంది."

"తెలిసీ ఇన్నేళ్లు ఎందుకు ఫోను చేశారు భయ్యా?"

"మీరు చెబుతారేమోనని," అన్నాడు.

ఇప్పుడైనా నిజం రాసి పంపుతానన్నాను, రేపే పంపుతానన్నాను. వద్దన్నట్టు తల ఊపాడు. ఆ ఉద్యోగంలో వేరేవాడు చేరి ఐదేళ్లు దాటింది, వాడికీ పిల్లలున్నారు, ఇప్పుడు రాస్తే మీ మనసుకు తప్ప ఎవరికీ పనికిరాదు అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బాగుండేది, నాలుగు తిడితే ఇంకా బాగుండేది. నేను కొంగు నోట్లో కుక్కుకుని నేల చూస్తూ కూర్చున్నాను.

అమ్మ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. "ఏమంటన్నాడే?" అని అడిగింది.

ఆయన గ్లాసు దించి నా వైపే చూస్తున్నాడు.

"ఏం లేదమ్మా," అన్నాను. "టీ బాగుందంటున్నాడు."

అమ్మ మొహం విప్పారింది. "అల్లం దంచి ఏశా మరి!" అని, గిన్నె తెచ్చి ఆయన గ్లాసులో ఇంకాస్త పోసింది.